గోడలోంచి వచ్చే రొద: మా హీట్ పంప్ అనుభవం

ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర మా ఇంట్లో గ్యాస్ బాయిలర్ తీసేసి ఎయిర్ సోర్స్ హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లాగి ఇంటిని వెచ్చబెట్టే కరెంటు మెషీన్) పెట్టించాం. ఇలాంటివి బిగించేవాళ్లకి గుర్తింపు ఇచ్చే ఎంసీఎస్ అనే సంస్థ సర్టిఫికెట్ ఉన్నవాళ్లతో పెట్టిస్తే ప్రభుత్వం 7,500 పౌండ్ల గ్రాంటు ఇస్తుంది. ఇల్లు వెచ్చగానే ఉంది. కానీ చలి ముదిరేసరికి కింద వెనక గదిలో రాత్రిళ్లు గుంయ్‌మని ఎడతెగని రొద మొదలైంది. ఆ గది గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారిది. "పక్క వీధిలో పిండిమర ఆడుతున్నట్టుందమ్మా, కన్ను మూస్తే ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది" అన్నారు.

బిగించిన కంపెనీకి ఫోన్ చేస్తే, "మా లెక్క ప్రకారం 42 డెసిబెల్స్ దాటదు" అన్నారు. ఆ లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ 42 పక్కింటివాళ్ల కిటికీకి ఒక మీటరు బయట ఎంత వినపడవచ్చో చెప్పే, 2025లో నిబంధన మారకముందు ఉన్న హద్దు. మన గదిలో ఎంత మోగుతుందన్నది అందులో లేనే లేదు. నా ఫోన్‌లో డెసిబెల్ యాప్ కూడా తక్కువే చూపించింది. మామూలుగా వాడే ఆ కొలత తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న బొంగురు శబ్దాలను బాగా తగ్గించి లెక్కేస్తుంది. నిద్ర పాడుచేసేవి మాత్రం అవే.

బయట మెషీన్ పక్కన నిలబడితే ఫ్యాన్ గాలి చప్పుడే వినిపిస్తోంది. లోపల గోడకి చెవి ఆనిస్తే మాత్రం రొద స్పష్టంగా తెలుస్తోంది. అంటే అది గాలిలో కాదు, గోడలోంచి వస్తోంది. యూనిట్‌ని బ్రాకెట్లతో సరిగ్గా ఆ గది గోడకే బిగించారు మరి. నీళ్ల పైపులు కూడా గోడకి గట్టిగా క్లిప్ చేసి, అవి లోపలికొచ్చే రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చేశారు. కంప్రెసర్ అదురు గోడలోకి పోవడానికి ఇన్ని దారులున్నాయి!

అప్పటినుంచి రొద వచ్చిన టైము, బయటి టెంపరేచర్, కంట్రోలర్‌లో కనిపించే కంప్రెసర్ వేగం రాసిపెట్టాను. అన్ని వేగాల్లోనూ రొద ఒకేలా లేదు. ఒక వేగం దగ్గర గోడ మొత్తం దానితో కలిసి మోగేది. ఈ పట్టిక, గోడకి బిగించేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలున్న మాన్యువల్ పేజీ జతచేసి ఈమెయిల్ పంపితేగానీ వాళ్లలో కదలిక రాలేదు. "మెషీన్ అన్నాక ఆమాత్రం చప్పుడుంటుంది" అన్నవాళ్లే చివరికి టెక్నీషియన్‌ని పంపారు. ఫోన్‌లో ఎంత మొత్తుకున్నా పని జరగదు, కాగితం మీద పెట్టాలి. ఎంసీఎస్‌కి ఫిర్యాదు చేసే వీలుందని కూడా ఆ ఈమెయిల్‌లోనే రాశాను.

యూనిట్‌ని గోడ మీంచి దింపి, గోడకి ఎడంగా పోసిన కాంక్రీటు దిమ్మె మీద మందపాటి రబ్బరు దిమ్మలు వేసి నిలబెట్టారు. మెషీన్ దగ్గర గట్టి పైపు ముక్కలు తీసి ఫ్లెక్సిబుల్ గొట్టాలు వేశారు. రంధ్రంలో సిమెంటు కొట్టేసి పైపు చుట్టూ మెత్తటి ఇన్సులేషన్ కూరారు. గదిలో రొద ఆ రాత్రికే చాలావరకు పోయింది.

మిగిలింది తెల్లవారుజామున వచ్చే హోరు. అది సెట్టింగుల వల్ల. రాత్రి హీటింగ్ ఆపేసి ఐదింటికి మొదలయ్యేలా టైమర్ ఉంది, రేడియేటర్లకి వెళ్లే నీళ్ల వేడి 55 డిగ్రీలకు కట్టిపెట్టి ఉంది. బాయిలర్‌ని అలా నడపొచ్చు. హీట్ పంప్‌ని అలా నడిపితే, బాగా చలిగా ఉండే వేళలో చల్లారిన ఇంటిని వేడెక్కించడానికి అది పూర్తి వేగంతో పనిచేస్తుంది. టెక్నీషియన్ వెదర్ కాంపెన్సేషన్ ఆన్ చేశాడు. దానితో బయట ఎంత చలి ఉంటే రేడియేటర్లకి అంత వేడి నీళ్లే వెళతాయి. మామూలు రోజుల్లో మాకు 40 డిగ్రీలు సరిపోతున్నాయి. ఇప్పుడు రాత్రంతా మెల్లగా నడుస్తోంది, కరెంటు ఖర్చు కూడా తగ్గింది. రాత్రికి సైలెంట్ మోడ్ పెట్టుకుంటే చాలని చాలామంది అంటారు. నా ఉద్దేశంలో నీళ్ల వేడి తగ్గించడమే ముందు చేయాల్సిన పని.

డీఫ్రాస్ట్ చప్పుడు మాత్రం పోదు. సున్నాకి కాస్త అటూ ఇటూగా తేమ ఉన్న రోజుల్లో బయటి కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. మెషీన్ కాసేపు రివర్స్‌లో నడిచి దాన్ని కరిగిస్తుంది. అప్పుడు బుస్సుమని శబ్దం, వెంట తెల్లటి ఆవిరి వస్తాయి. మొదటిసారి చూసి అత్తయ్యగారు పొగ అనుకుని ఒకటే టెన్షన్ పడ్డారు. అది మామూలే. కరిగిన నీళ్లు కాలిబాట మీద గడ్డకట్టకుండా పోయే దారి మాత్రం చూసుకోవాలి.

పక్కింటి పెద్దాయనకి యూనిట్‌ని మార్చే ముందే చెప్పాం, ఆయన పడగ్గది కిటికీకి దూరంగా చోటు ఎంచుకున్నాం. మూలలో పెడదామని కంపెనీవాళ్లు అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. రెండు గోడల మధ్య చప్పుడు కొట్టుకుని పెరుగుతుంది. స్నానాల నీళ్లు కాచే టైము కూడా మధ్యాహ్నానికి మార్చేశాను. బయట కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి మెషీన్‌కి అప్పుడు శ్రమ తక్కువ, చప్పుడు వచ్చినా ఎవరి నిద్రా చెడదు.