అడిగితే కొట్టే మందు

ఇంగ్లండ్‌లో నేను నర్సుగా పనిచేసేది స్త్రీల విభాగం ఓపీలో. గర్భసంచి లోపలికి సన్నని కెమెరా పంపి చూడడం, లోపలి పొర నుంచి పరీక్షకు ముక్క తీయడం, లూప్ వేయడం అక్కడ రోజువారీ పనులు. చాలామందికి ఇవి మెలకువగా ఉండగానే జరుగుతాయి. మా గదిలో ముందుగా బల్ల మీదికి వచ్చేది నొప్పి తెలియకుండా మొద్దుబార్చే 10 శాతం లిడోకైన్ స్ప్రే. సీసాకు పొడవాటి గొట్టం తగిలించి గర్భసంచి ముఖద్వారం మీద కొడతారు. ఒక్కో నొక్కుకు 10 మిల్లీగ్రాముల మందు పడుతుంది. ఆ వెంటనే పట్టకారు అందుకోకూడదు. 3 నిమిషాలైనా ఆగాలి. బయట ఎంతమంది కూర్చుని ఉన్నా ఈ విషయంలో నేను ఎవరినీ తొందరపడనివ్వను.

ఎందుకంటే ముఖద్వారాన్ని కదలకుండా పట్టుకునే ఆ పట్టకారు కొనలు కొక్కేల్లా వాడిగా ఉంటాయి. అవి దిగినప్పుడే చాలామంది ఉలిక్కిపడి బల్ల అంచు పట్టుకుంటారు. స్ప్రే కానీ, లిడోకైన్, ప్రిలోకైన్ కలిపిన క్రీము కానీ ఆ నొప్పిని తగ్గిస్తుంది. లిడోకైన్ 1943లో స్వీడన్‌లో తయారైన మందు. మన దగ్గర పళ్ళ డాక్టర్లందరికీ జైలోకైన్‌గా తెలుసు.

ఈసారి సెలవుకు కోనసీమలోని మా మలికిపురం వచ్చేసరికి మా వదిన ముక్క పరీక్ష చేయించుకుని ఉంది. నెలసరి రోజుల తరబడి ఆగకపోతే చించినాడ వంతెన దాటి అవతల ఒక ఆసుపత్రికి వెళ్ళిందట.

“ముందు ఏమైనా స్ప్రే కొట్టారా వదినా?”

“కాళ్ళు కదపొద్దన్నారు, అంతే. ఇద్దర్ని కన్నదానివి, ఈమాత్రానికే అరుస్తావా అన్నారు.”

కొబ్బరాకు ఈనెలు తీస్తూ చెబుతోంది. ఆ మాట దగ్గర ఆమె చేతిలో కత్తి కాసేపు ఆగింది. పరీక్షలో చెడ్డదేమీ లేదని వచ్చింది. హార్మోన్ లూప్ వేస్తే రక్తస్రావం బాగా తగ్గుతుందని డాక్టరు చెప్పారు. వదిన మాత్రం మళ్ళీ ఆ బల్ల ఎక్కనంటోంది. “సంచి తీయించేస్తే పీడ పోతుంది” అంటోంది.

నన్ను భయపెట్టింది ఆ మాటే. గర్భసంచి తీసే ఆపరేషన్లలో మన ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. కాసేపటి నొప్పికి జడిసి ఒక మనిషి పెద్ద ఆపరేషన్‌కు సిద్ధపడుతోందంటే, ఆ నొప్పిని చిన్నదనే హక్కు ఎవరికీ లేదు.

స్ప్రేతో అంతా మాయమవుతుందని వదినకు నేను చెప్పలేదు. ముఖద్వారానికి, గర్భసంచి పైభాగానికి నాడులు వేరువేరు దారుల్లో వస్తాయి. పైపూత మందు కింది భాగాన్ని మొద్దుబారుస్తుంది కానీ లోపల సంచి ముడుచుకున్నప్పుడు వచ్చే మెలిపెట్టే నొప్పిని ఆపలేదు. అవసరమైతే ముఖద్వారం పక్కన సూదిమందు ఇస్తారు. నిద్రమత్తు కావాలంటే అదీ అడగవచ్చు. “ఆపండి” అంటే ఆపి తీరాలి. ఇంగ్లండ్‌లోనూ ఇది ఊరికే రాలేదు. స్త్రీలు ఏళ్ళ తరబడి గొంతెత్తారు. కెమెరా పరీక్షలో నొప్పి గురించి అక్కడి ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. లూప్ వేసేముందు నొప్పి గురించి మాట్లాడాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో చెప్పింది.

వదినను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. స్ప్రే ఉందా అని అడిగితే, “ఉందమ్మా, అడిగితే కొడతాం” అన్నారు. నాకు కోపం ఆగలేదు. లంక ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు, కువైట్‌లో ఇంటిపని చేసి సెలవుకు వచ్చి హడావుడిగా చూపించుకునేవాళ్ళకు అలాంటి మందు ఉందనే తెలియదు, ఎలా అడుగుతారు, మీరే చెప్పాలి కదా అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. వదిన కాగితం మీద స్ప్రే అని రాసి, బయట కూర్చున్న మరో ఇద్దరి కాగితాలు కూడా తెప్పించుకున్నారు.