చేతులెత్తే సభ

వరి చేలను రొయ్యల చెరువులుగా మార్చాలా అని మా కోనసీమ ఊళ్లో నిన్న సమావేశం. ముందు వరుసలో నలుగురు చేతులెత్తగానే వెనకవాళ్లంతా ఎత్తేశారు. "బావి నీళ్లు ఉప్పగా మారితే?" అని ఒక పెద్దావిడ అడిగారు. సగం చేతులు దిగిపోయాయి.

1951లో అమెరికాలో సాల్మన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవు పోల్చమని విద్యార్థులను అడిగారు. ముందే కుదుర్చుకున్నవాళ్లు కావాలని తప్పు చెబుతుంటే, 50 మందిలో 37 మంది ఒక్కసారైనా వంత పాడారు. గీతలకే ఇంత మొహమాటమా! పక్క చెరువు ఉప్పు తన చేలోకి ఊరుతుందని భయపడి తానూ చెయ్యెత్తే చిన్న రైతును మాత్రం నేను తప్పుపట్టను, అది ఒట్టి మొహమాటం కాదు.

యాష్ ప్రయోగాల్లో గుంపులో ఒక్కరు నిజం చెప్పినా, జవాబు కాగితం మీద రాయమన్నా ఆ లొంగుబాటు బాగా తగ్గింది. వచ్చే సమావేశంలో చీటీలు పెట్టమని అడగబోతున్నాను.