మూడులోంచి ఐదు పోతుంది

‘మూడులోంచి ఐదు పోదు, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అని రెండో తరగతిలో మనమే నేర్పుతాం. రుణ సంఖ్యలు, అంటే సున్నా కంటే చిన్నవైన మైనస్ సంఖ్యలు, సిలబస్‌లోకి వచ్చేది ఆరో తరగతిలో. అప్పటిదాకా ఆగడం నాకిష్టం లేదు. మా ఐదో తరగతి పిల్లలకు వరండాలో సుద్దముక్కతో గీత గీసి, మధ్యలో సున్నా పెట్టాను. మూడు మీద నిలబడి ఐదడుగులు వెనక్కి వేయమంటే, ఒకమ్మాయి సున్నా దగ్గర ఆగిపోయి ‘ఇంక అంకెల్లేవు టీచర్’ అంది. ‘నేల ఉందిగా!’ అన్నాడు వెనకనుంచి ఒకడు. పాఠం వాడే చెప్పేశాడు.

చిక్కంతా పెద్దా చిన్నా దగ్గరే. మైనస్ ఐదు కంటే మైనస్ రెండు పెద్దదంటే ఒక్కరూ ఒప్పుకోరు. అందుకే కిరాణా కొట్టు ఖాతా తీశాను: ఐదు రూపాయలు బాకీ ఉన్నవాడు మేలా, రెండు ఉన్నవాడా? క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడూ అప్పు, ఆస్తి పేర్లతోనే రుణ సంఖ్యల సూత్రాలు చెప్పాడు. మైనస్‌ని మైనస్‌తో గుణించడం మాత్రం ఈ వయసులో ముట్టుకోను. దానికి బాకీ కథ చాలదు.