3060 గ్రాఫిక్స్ కార్డు కొనడానికి రెండుసార్లు నెల్లూరు: నా అనుభవం

నిన్న సాయంత్రమే కార్డు మార్పించుకుని కావలి చేరాను. కోపం ఇంకా దిగలేదు. దిగకముందే రాసేస్తున్నా.

నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ పని. ఇన్నాళ్లూ 4 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డుతోనే నెట్టుకొచ్చా. రెండు కెమెరాల 4కే ఫుటేజీ టైమ్‌లైన్ మీద వేసి, రాత్రి ముహూర్తం క్లిప్పుల్లో నాయిస్ తీయడం మొదలుపెడితే చాలు, నేను ఎడిటింగ్‌కి వాడే డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ 'జీపీయూ మెమరీ (అంటే గ్రాఫిక్స్ కార్డు మెమరీ) నిండిపోయింది' అని చెప్పి ఆగిపోయేది. డబ్బు పెట్టి కొన్న స్టూడియో వెర్షన్ అది. శ్రావణ మాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు కార్డు మార్చాలనుకున్నా.

నేను అనుకున్న డబ్బుకి రెండే అందుబాటులో ఉన్నాయి, ఆర్టీఎక్స్ 3060, ఆర్టీఎక్స్ 4060. ఒకటి 2021 ఫిబ్రవరిలో వచ్చింది, ఇంకోటి 2023 జూన్‌లో. ఆటలాడే పిల్లలెవరైనా అడిగితే 4060 తీసుకోమనే చెప్తా. 1080పీలో దానిదే పైచేయి. మధ్య ఫ్రేములు తనే కల్పించే ఎన్విడియా వాళ్ల ఫ్రేమ్ జనరేషన్ ఉంది, 3060కి అది లేదు. ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌లో ఎన్‌కోడ్ చేస్తుంది. కరెంటు 170 వాట్లకు బదులు 115 వాట్లతో సరిపెట్టుకుంటుంది. యూపీఎస్ మీద బతికే మాలాంటి వాళ్లకి అది చిన్న విషయం కాదు. క్యూడా కోర్లు (కార్డులో లెక్కలు చేసే భాగాలు) 3060కి 3584, 4060కి 3072 అని లెక్కబెట్టి తేల్చేసే వాళ్ల మాట మాత్రం వినొద్దు. తరం మారింది, క్లాకు వేగం పెరిగింది, కోరుకి కోరు సమానం కాదు.

నా పనికి మాత్రం మెమరీనే ప్రాణం. 3060కి 12 జీబీ, 4060కి 8. మెమరీ బస్సు, అంటే మెమరీకి డేటా పోయి వచ్చే దారి వెడల్పు, 3060లో 192 బిట్లు, 4060లో 128. సెకనుకి 360 జీబీ 3060లో పోతే, 272 4060లో. 4060లో 24 ఎంబీ ఎల్2 క్యాష్ (చిప్పులోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) పెట్టి ఆ లోటు పూడ్చారు. ఆటలకి అది బాగా అక్కరకొస్తుంది. 4కే ఫ్రేములు వరసబెట్టి మెమరీలో పట్టాలంటే మాత్రం క్యాష్ ఎక్కడ చాలుతుంది? ఇంకోటి, 4060 మదర్‌బోర్డుకి 8 లేన్ల (డేటా దారుల) మీదే కలుస్తుంది. నా బోర్డు బీ450, అంటే పీసీఐఈ అనే ఆ దారి పాత మూడో తరంది. 8 జీబీ చాలక పని సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగిందంటే ఆ ఇరుకు దారిలోనే పోయి రావాలి. పది రోజులు చదివి, కాగితం మీద రాసుకుని, 3060 అని తేల్చుకున్నా.

పొద్దున్నే రైలెక్కి, పెన్న వంతెన దాటి నెల్లూరులో దిగా. ఒక పెద్ద షాపుకి పోయి 3060 అడిగా.

కౌంటర్లో కుర్రాడు నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏందన్నా, 4060 ఉంటే పాతది అడగతా ఉండావు? నంబరు చూసుకోలేదా?" అన్నాడు. మెమరీ సంగతి చెప్పబోయా. "పెళ్లి వీడియోలకి ఇయన్నీ ఎందుకులేన్నా" అని పక్కవాడి వైపు తిరిగి నవ్వాడు. పక్కవాడూ నవ్వాడు. అక్కడే మా ఊరాయన ఒకాయన ప్రింటరు బేరం చేస్తున్నాడు. వచ్చే నెల ఆయన కూతురి పెళ్లికి వీడియో నాదే. నా మొహం చూసి ఆయన తల తిప్పుకున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. వాదించలేదు. డబ్బు కట్టి, కవరు పట్టుకుని, బయటపడితే చాలనుకున్నా. బిల్లు మీద 'ఆర్టీఎక్స్ 3060 - 1' అని రాసుంది.

ఇంటికొచ్చి బిగించి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచా. పేరు 3060. కోర్లు 3584. కింద చూస్తే మెమరీ 8192 ఎంబీ, అంటే 8 జీబీ. బస్ విడ్త్ 128. బ్యాండ్‌విడ్త్ సెకనుకి 240 జీబీ. రెండుసార్లు మూసి తెరిచా, అవే అంకెలు. 2022 చివర్లో 3060కి 8 జీబీ రకం కూడా వచ్చింది, అదే పేరుతో. బాక్సు తిప్పి చూస్తే మూలన 8 జీబీ అని ఉండనే ఉంది. నాలుగు మాటలు పడి వచ్చిన మనిషి బాక్సు మూలలు చదవడు.

మర్నాడు మళ్లీ నెల్లూరు. కుర్రాడు కార్డు వైపు కూడా చూడలేదు. "3060 అడిగినావు, 3060 ఇచ్చినా. సీలు తీసినాక వాపసు లేదు." నేను కదల్లేదు. యజమానిని పిలవమన్నా. ఆయన వచ్చాడు, పెద్దాయన. "అబ్బయా, రెండూ ఒకటే గదా, మెమరీ కొంచెం తక్కువ, అంతే" అన్నాడు.

బిల్లు తిరగేసి, ఆయన జేబులో పెన్నే అడిగి లెక్క వేశా. 192 బిట్లని 8తో భాగిస్తే 24 బైట్లు. మెమరీ వేగం 15 గిగాబిట్లు, గుణిస్తే సెకనుకి 360 జీబీ. ఇప్పుడు మీరిచ్చింది: 128ని 8తో భాగిస్తే 16, 15తో గుణిస్తే 240. "మెమరీ ఒకటే తగ్గలేదు సార్, దారిలోనే మూడో వంతు మూసేశారు. 4060కైనా 272 ఉంది. పాతది అడిగానని నన్ను చూసి నవ్వి, ఆ కొత్తదానికన్నా కూడా ఇరుకైంది అంటగట్టారు." ఫోన్లో జీపీయూ-జెడ్ ఫోటో పక్కన పెట్టా. అందులోనూ 240యే. నా లెక్క, ఆ తెర, రెండూ అచ్చంగా కలిశాయి. ఆ క్షణం నాకు చాలా గర్వంగా అనిపించింది, దాచుకోను. పదో తరగతి లెక్క అది, కౌంటర్లో ఒక్కరికీ రాలేదు.

పెద్దాయన కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. గోడౌన్‌కి ఫోన్ చేశాడు. అరగంటకి 12 జీబీ బాక్సు వచ్చింది. తేడా డబ్బు కట్టా. బిల్లు మీద 'ఆర్టీఎక్స్ 3060, 12 జీబీ, 192 బిట్' అని నేను చెప్పి రాయించా. కుర్రాడు ఒక్క మాట అనలేదు, సారీతో సహా.

కొనబోయే వాళ్లకి చెప్తున్నా: డబ్బు చేతులు మారకముందే బిల్లు మీద జీబీ, బిట్టు, రెండూ రాయించండి. జీటీ 1030 అనే చిన్న కార్డుకీ ఇలాగే రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5 మెమరీది సెకనుకి 48 జీబీ, డీడీఆర్4ది 17 కూడా లేదు, పేరు మాత్రం ఒకటే. ఇక పని చేసుకునే వాణ్ని చూసి నవ్వే షాపులో వెయ్యి తక్కువైనా కొనొద్దు. నేనైతే ఇక అటు పోను.

రాత్రి పదకొండున్నరకి అదే ముహూర్తం క్లిప్పు మీద నాయిస్ తీసేది పెట్టా. టాస్క్ మేనేజర్లో కార్డు మెమరీ 6, 8 జీబీ దాటి, 9 మీదికి పోయి నిలబడింది. తలంబ్రాలు పోసే చోట ఎప్పుడూ ఆగిపోయేది. ఆగలేదు. బియ్యం గింజలు పెళ్లికూతురి జడ మీంచి జారడం కూడా తేటగా కనిపించింది.

పొద్దున ఆ ప్రింటరు కొన్నాయన ఫోన్ చేశాడు. షాపు సంగతి ఎత్తలేదు. విడిది దగ్గర ఇంకో కెమెరా పెట్టగలవా అని అడిగాడు. మూడో కెమెరా పెడతానని చెప్పా.