సింకు గార, బాత్రూం తుప్పు మరకలు: ఏసిడ్ సీసా తెచ్చే ముందు

బాత్రూం గచ్చు రంగు మారిందంటే మనవైపు అందరికీ తెలిసిన మందు ఒక్కటే, ఏసిడ్. మగ్గుడు గుమ్మరిస్తే బుసబుసా పొంగుతుంది, కళ్లు మండుతాయి, పావుగంటలో టైల్స్ తెల్లగా తేలతాయి. పొంగింది గార ఒక్కటే కాదు, టైల్స్ సందుల్లో పూసిన సిమెంటు కూడా. అది కరిగి గుంతలు పడిన చోట ఈసారి మురికి ఇంకా లోతుగా దిగుతుంది. అందుకే ఏసిడ్ అలవాటైన ఇంట్లో నెలనెలా ఏసిడ్ కావాల్సి వస్తుంది.

మరక దేనిదో ముందు తేల్చుకోవాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. తెల్లగా, గరుకుగా, గోటితో గీకితే సుద్దలా రాలేది గార. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆరిపోయి మిగిలిన పెంకు అది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. పై అంచుకి దగ్గరగా ఉన్న బోరయితే కుళాయి మూతికి తెల్ల కిరీటం కట్టడం ఖాయం. రెండోది ఎర్రటి మరక, అంటే ఇనుము. పట్టినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి, బకెట్లో కాసేపు ఉంటే గాలి తగిలి ఎర్రబడతాయి. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, మరక మొదలవుతుంది. మూడోది నలుపు. నలుపులో మళ్లీ రెండున్నాయి, బూజు, నీళ్లలో కరిగి వచ్చే మాంగనీసు అనే లోహం. విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులున్న సంగతి తెలిసిందే. ఎక్కడి బోరయినా సరే, నల్లమరక మీద బ్లీచింగ్ నీళ్లు ఒక చుక్క వేసి చూడండి. పది నిమిషాల్లో వెలిస్తే బూజు, చెక్కుచెదరకపోతే మాంగనీసు అనుకోవచ్చు.

గారకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఏసిడ్) మంచిది. అర బద్ద నిమ్మకాయ రుద్దినా పనిచేస్తుంది గానీ గచ్చంతా రుద్దాలంటే బుట్టెడు కాయలు కావాలి. లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు గుండ కలపండి. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది వదిలేసేది అదే. స్నానాల గచ్చు మీద గార ఒక్కటే ఉండదు, దాని పైన సబ్బు, తల నూనె, నలుగుపిండి కలిసిన జిడ్డు పొర ఉంటుంది. అది పోకుండా నిమ్మ ఉప్పు కిందికి దిగదు. లీటరు వేడినీళ్లకి రెండు పెద్ద చెంచాల బట్టల సోడా, కాస్త గిన్నెల లిక్విడ్ వేసి, పోసి పావుగంట ఆగి, నైలాన్ బ్రష్షుతో రుద్ది కడిగేయండి. తర్వాత సందులన్నీ మామూలు నీళ్లతో బాగా తడపండి. తడి సిమెంటు పుల్లనీళ్లని అంతగా పీల్చుకోదు. అప్పుడు పాత తువ్వాలు నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచి మరక మీద పరిచి, అరగంట ఆరిపోకుండా చూడండి. ఆరితే పని ఆగిపోతుంది, పైగా తెల్ల చారలు మిగులుతాయి. తీశాక గచ్చు జిగురుగా తగిలితే కంగారు పడకండి, సబ్బు తెట్టు విడిపోయిందన్నమాట. గిన్నెల లిక్విడ్ తో ఒకసారి రుద్ది, బకెట్ నీళ్లలో ఒక చెంచా వంటసోడా వేసి కడిగేస్తే సరి. మందంగా కట్టిన గార ఒక్క విడతలో పోదు, ఇదే మళ్లీ చేయాలి. మెరుపు కుళాయిల మీద మాత్రం పది నిమిషాలు మించనీయకండి.

ఎర్ర మరకకి బ్లీచింగ్ వేశారో, అది ఇంకా గట్టిపడుతుంది. బ్లీచింగ్ ఇనుమును ఇంకాస్త తుప్పుగా మారుస్తుందే తప్ప తీయదు. దీనికి కావాల్సింది ఆక్సాలిక్ ఏసిడ్ గుండ. మొజాయిక్, మార్బుల్ పాలిష్ పట్టేవాళ్లు వాడేదే, హార్డ్‌వేర్ కొట్లలో అడిగి చూడండి. అర లీటరు గోరువెచ్చని నీళ్లకి ఒక పెద్ద చెంచా, పావుగంట, అంతే. వంటింట్లో గ్యాస్ సిలిండర్ అడుగున పడే తుప్పు వలయం మీద ఈ నీళ్లలో తడిపిన గుడ్డ వేసి చూడండి, రుద్దకుండానే ఎరుపు విరిగి లేత పసుపు నీళ్లుగా దిగుతుంది. మాంగనీసు నలుపుకీ ఇదే మందు. గార ఉన్న చోట మాత్రం ముందు నిమ్మ ఉప్పుతో దాన్ని వదిలించి, కడిగి, ఆ తర్వాతే ఆక్సాలిక్ వాడాలి. కాల్షియంతో కలిస్తే అది నీళ్లలో కరగని తెల్లటి పొరగా కూర్చుంటుంది. ఆక్సాలిక్ ఏసిడ్ విషం. గ్లౌజులు తప్పనిసరి, మంచినీళ్ల సీసాలో కలిపి ఉంచొద్దు, మిగిలిన గుండ పిల్లలకి అందని చోట పేరు రాసి పెట్టండి.

బూజుకి బ్లీచింగ్ సరైనదే. గుండ అయితే నీళ్లలో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైన తేరిన నీళ్లే వాడాలి, లేకపోతే కొత్తగా తెల్ల మరకలు మీరే వేసినట్టు. ఏసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్ వాడిన రోజు బ్లీచింగ్ జోలికి పోకండి. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపేసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదకి తెస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లయితే బ్లీచింగ్ తక్కువ వాడండి, ట్యాంకులో మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి.

స్టీలు సింకు సంగతి వేరు. స్టీలుకి తుప్పు పట్టకుండా కాసేది దాని మీదున్న పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. ఏసిడ్, బ్లీచింగ్, ఉప్పు ఆ పొరని తొలిచి సూది బెజ్జాల్లాంటి గుంతలు పెడతాయి. ఊరగాయ జాడీ కడగాలని రాత్రంతా సింకులో వదిలేయడం, కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గట్టు ఊళ్లలో ఉప్పునీటి బోరు, రెండూ చేసే పని అదే. స్టీలుకే తుప్పేంటని కొట్టువాణ్ణి తిట్టుకునే ముందు ఇనప పీచు వాడుతున్నారేమో చూడండి. ఆ పీచు ముక్కలు సింకులో ఇరుక్కుని తుప్పు పడతాయి, మరక వాటిదే. టీ, పసుపు జిడ్డుకి మూడు వంతుల వంటసోడాకి ఒక వంతు నీళ్లు కలిపిన ముద్ద చాలు. మెత్తని పీచుతో స్టీలు గీతలు ఉన్న దిక్కుకే రుద్దాలి. వంటసోడాలో వెనిగర్ పోసి నురగ చూపించే వీడియోలు చూసి మోసపోకండి. రెండూ ఒకదాన్నొకటి విరిచేసి, ఒక రకం లవణం కలిసిన ఉత్త నీళ్లవుతాయి.

ప్లాస్టిక్ గిన్నెల బుట్ట మీద పసుపు మరకని ఎండలో పెడితే అదే వెలుస్తుంది. సోడా తగిలి ఎర్రబడినా భయం లేదు.

కడప రాయి గట్టు, మార్బుల్ ఉన్న చోట పులుపన్నదే తగలనీయొద్దు. నిమ్మ ఉప్పుకే మెరుపు పోయి మచ్చ పడుతుంది, దాన్ని పాలిష్ పట్టించాల్సిందే.

ఎంత కడిగినా ఒకే మూలలో మరక తిరిగొస్తుంటే గచ్చు వాటం చూడండి. జాలీ వైపు మీటరుకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వాటం లేకపోతే నీళ్లు అక్కడే నిలిచి ఆరతాయి, గార అక్కడే కడుతుంది. స్నానం అయ్యాక రబ్బరు వైపరుతో ఒకసారి లాగేస్తే చాలావరకు తగ్గుతుంది. కారే కుళాయికి వాషరు మార్పించండి. సందుల్లో సిమెంటు ఇప్పటికే తినేసి ఉంటే, రెండు మూడు మిల్లీమీటర్ల లోతున గీకించి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. ధర ఎక్కువే, కానీ గార తీసే పులుపులకి సిమెంటులా కరగదు.