నాన్న మణికట్టు మీది అంకెలు

సంక్రాంతికి నాన్నకు ఒక స్మార్ట్ వాచీ కొనిచ్చాను. నెల తిరగకముందే ఆయన దానికి సంజాయిషీ చెప్పుకునే స్థితికి వచ్చారు. నాలుగు వందల అడుగులు తక్కువయ్యాయంటూ రాత్రి పదింటికి వరండాలో పచార్లు చేస్తుంటే అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. పదివేల అడుగుల లక్ష్యం వైద్యులు తేల్చినది కాదని, 1965లో జపాన్‌లో అమ్మిన ‘మాంపో-కే’ అనే పరికరం పేరుకే ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థమని చెప్పినా ఆయన వినలేదు.

నన్ను కలవరపెట్టినది మాత్రం రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే అంకె. వాచీ అడుగున వెలిగే ఎరుపు, పరారుణ కాంతులు రక్తాన్ని తాకి ఎంత మేరకు తిరిగివస్తాయో చూసి అది లెక్క కడుతుంది. అయితే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది. ఆసుపత్రుల్లో వేలికి తొడిగే ఆక్సీమీటర్లే నల్లజాతి రోగులలో ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టలేకపోయిన సందర్భాలు ఎక్కువని 2020లో అమెరికాలో వెలువడిన పరిశోధన తెలిపింది. పొలం ఎండకు కమిలిన నాన్న చేతిపై, పట్టీ వదులైనప్పుడు 88 చూపిన వాచీ, బిగించగానే 97 చూపింది. ఆ రెండు నిమిషాలూ అమ్మ ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది.

నాకు అవకాశముంటే, ‘పట్టీ వదులుగా ఉంది, కదలకుండా కూర్చోండి’ అని తెలుగులో చెప్పి, నమ్మకం కుదిరేదాకా అంకెను చూపని వాచీని చేయిస్తాను. అడుగుల లక్ష్యాన్ని తీసేసి, మనిషిని తన నిరుటి నడకతోనే పోల్చమంటాను. ప్రస్తుతానికి నాన్న దానిలో టైము చూసుకుంటున్నారు.