వెనకటి పేజీ మొత్తం

మాది అమలాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు దాళ్వా, అంటే రబీ వరి, కోతలైతే కళ్ళంలో కాటా దగ్గర మా పెదనాన్న పక్కనే నిలబడేదాన్ని. బస్తా కాటా ఎక్కగానే ఒకరు బరువు గట్టిగా చెప్పేవారు. పెదనాన్న రెండంకెలు రాసేవారు. ఒకటి ఆ బస్తా బరువు, దాని పక్కన అప్పటిదాకా అయిన మొత్తం. 75.4 పక్కన 75.4. తర్వాత 74.8 పక్కన 150.2. ఆ తర్వాత 75.2 పక్కన 225.4. పేజీ నిండితే కొత్త పేజీ నెత్తిన ‘వెనకటి పేజీ మొత్తం’ అని రాసి, ఆ అంకె దించాకే ఇంకో బస్తా పెట్టమనేవారు.

ప్రోగ్రాములు రాసే భాష జావాస్క్రిప్ట్‌లో, జాబితాలోని విలువలన్నిటినీ కలిపి ఒక్కటిగా చేసే రెడ్యూస్ నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అక్యుములేటర్ అన్న మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. అది పెదనాన్న పుస్తకంలో కుడివైపు వరస అని తట్టాక మిగతాదంతా తేలికైపోయింది. మనమిచ్చే ఫంక్షన్, అంటే చేయాల్సిన లెక్క రాసిన చిన్న ముక్క, ఇప్పటిదాకా అయిన మొత్తాన్ని, కొత్తగా వచ్చిన బస్తాని తీసుకుంటుంది. అది తిరిగి ఇచ్చిందే తర్వాతి బస్తాకి మొత్తం అవుతుంది. రిటర్న్ రాయడం మర్చిపోతే కుడివైపు అంకె వేయకుండా వదిలేసినట్టే, తర్వాతి బస్తాకి మొత్తం బదులు అన్‌డిఫైన్డ్, అంటే విలువే లేనిది, చేతికొస్తుంది.

రెడ్యూస్‌కి చివర ఇచ్చే మొదటి విలువే వెనకటి పేజీ మొత్తం. ఇవ్వకపోతే అరేలో, అంటే ఆ జాబితాలో, మొదటిదాన్నే మొత్తంగా తీసుకుని రెండోదాని నుంచి మొదలుపెడుతుంది. ఉత్త అంకెలైతే లెక్క సరిగ్గానే వస్తుంది. అందుకే దాన్ని వదిలేయడం అలవాటైపోతుంది. నాకూ అదే అలవాటైంది.

పోయిన దాళ్వాకి నాన్న కోసం ఫోన్‌లో తెరుచుకునే చిన్న పేజీ ఒకటి చేశాను. మొదట బరువులే ఉండేవి, బాగానే నడిచింది. తర్వాత నాన్న ‘1121 ఎంత, 1010 ఎంత, విడివిడిగా కావాలమ్మా’ అన్నారు. రెండూ మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన వరి రకాలే. ప్రతి బస్తాని బరువు, రకం రెండూ ఒకచోట కట్టిపెట్టే ఆబ్జెక్ట్‌గా మార్చాను కానీ మొదటి విలువ ఇవ్వలేదు. దాంతో మొదటి బస్తా ఆబ్జెక్టే మొత్తం అయి కూర్చుంది. దానికి అంకె కలిపేసరికి కూడిక కాస్తా అక్షరాల అతుకు అయింది. తెర మీద ‘ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్’ అని, దాని వెనకే 74.875.2 అని వచ్చింది. అక్కడ లారీ నిలబడి ఉంది. నాన్న కాగితం మీద కూడుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. రెండ్రోజులకి వాన పడి కాటా లేదు. అరే ఖాళీ, మొదటి విలువా లేదు. అప్పుడు రెడ్యూస్ టైప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పేజీ అసలు తెరుచుకోలేదు.

రెండింటికీ మందు మొదటి విలువగా ఇచ్చే ఒక్క సున్నా. కూడికకి సున్నా, గుణకారానికి ఒకటి. రకాలవారీగా కావాలంటే ఖాళీ ఆబ్జెక్ట్‌తో మొదలుపెట్టి ఏ రకం బస్తా బరువు ఆ రకం పేరు కింద కలుపుకుంటూ పోవాలి. చివరికి వచ్చే ఒక్క విలువ అంకే కానక్కర్లేదు. బరువుల్ని గ్రాముల్లో పూర్ణాంకాలుగా దాచుకోవడం కూడా మేలు. లేకపోతే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే భాష ఇది.

అన్నీ సరిచేశాక నాన్న ఇంకోటి అడిగారు. ‘ఆఖరి అంకె ఒక్కటే చూపిస్తే ఎక్కడ తేడా వచ్చిందో ఎలా పట్టుకోనమ్మా?’ రెడ్యూస్ నడుమనున్న మొత్తాలన్నీ పారేసి చివరిదొక్కటే ఇస్తుంది మరి. అందుకని ఖాళీ అరేతో మొదలుపెట్టి, ప్రతి బస్తాకి అప్పటిదాకా అయిన మొత్తాన్ని అందులో చేరుస్తూ వెళ్లాను. ఈ దాళ్వాకి తెర మీద రెండు వరసలూ ఉన్నాయి. పెదనాన్న ఇప్పటికీ పుస్తకంలోనే రాస్తున్నారు. పేజీ నిండినప్పుడల్లా నాన్న ఫోన్‌ని దాని పక్కనే పెట్టి రెండూ సరిచూసుకుంటున్నారు.